చివరి పళ్లెం



పోయిన నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల అయిపోయాక ఇద్దరు సహోదరీలు నా దగ్గరికి వచ్చి, "అయ్యగారూ, మీ ఇంట్లో అందరూ కలిసి కూర్చుని తింటారంట గదా, నిజమేనా?" అని అడిగారు. నిజమే. కానీ అది ఎలా మొదలైందో సాక్ష్యంగా చెప్పాలంటే నాకు కొంచెం సిగ్గు. అది నా భక్తి వల్ల మొదలవలేదు. మా ఇంటావిడ కళ్లు తిరిగి పడిపోతే మొదలైంది. ఆమెను అడిగే ఇది రాస్తున్నాను. "నా రక్తం సంగతి ఊరందరికీ చెప్తారా?" అని ముందు నవ్వింది. తర్వాత, "సరే రాయండి, ఎవరికైనా పనికొస్తుంది" అంది.

రెండేళ్ల కిందటి శ్రమదినాలు. మీకు తెలుసు, ఆ నలభై రోజులూ మన సంఘంలో ప్రతి రాత్రీ కూడికే. ఆ వారం బయటి ఊరి నుంచి వాక్యం చెప్పడానికి ఒక దైవజనుడు కుటుంబంతో వచ్చారు. మా ఇంట్లోనే భోజనాలు. మూడు కేజీల కోడి, ముద్దపప్పు, గోంగూర, పెరుగు. అందరం తృప్తిగా తిన్నాం. తెల్లారి మందిరం ఊడుస్తూ ఆమె మెట్ల మీద కూలబడింది. చీపురు చేతిలోనే ఉంది. "ఏం లేదండీ, కళ్లు తిరిగాయి" అంది.

అప్పటికి ఆరు నెలలుగా ఆమె అలాగే ఉంది. నీళ్ల బిందె ఎత్తితే ఆయాసం. సాయంత్రానికి తలనొప్పి. తలనొప్పి అన్నప్పుడల్లా నేను నూనె రాసి ప్రార్థన చేసేవాణ్ణి. చేయడం తప్పని అనను, ఇప్పటికీ చేస్తాను. ఇంకొకటి కూడా ఉంది. బియ్యం ఏరుతూ ఏరుతూ పిడికెడు పచ్చి బియ్యం నోట్లో వేసుకుని నమిలేది. "చిన్నపిల్లలా ఏంటది?" అని నేను కసిరేవాణ్ణి. అది ఒక జబ్బు గుర్తని నాకేం తెలుసు?

ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వేలు గుచ్చి రక్తం తీశారు. హిమోగ్లోబిన్ 7.2. ఆడవాళ్లకు 12 ఉండాలట. 8 కంటే తగ్గితే దాన్ని తీవ్రమైన రక్తహీనత అంటారట. పచ్చి బియ్యం, మట్టి, సుద్ద, ఐసు ముక్కలు తినాలనిపించడం ఒంట్లో ఇనుము తగ్గిన వాళ్లలో చాలామందికి ఉంటుందని డాక్టరమ్మ చెప్పింది. నేను తల దించుకున్నాను.

అప్పుడామె అడిగింది, "నిన్న రాత్రి ఏం తిన్నావమ్మా?"

నేను వెంటనే, "కోడికూర తిన్నామండీ. ఇంట్లో తిండికేం లోటు లేదు, దేవుని దయ" అన్నాను.

"పాస్టర్ గారూ, నేను ఆమెను అడిగాను" అంది డాక్టరమ్మ.

మా ఇంటావిడ నా వైపు ఒకసారి చూసి, నెమ్మదిగా అంది. "పులుసు పోసుకుని తిన్నానండీ."

"ముక్కలు?"

"వచ్చినవాళ్లకి సరిపోయాయి."

మూడు కేజీల కోడి వండిన మనిషి చివరికి తిన్నది గిన్నె అడుగున ఉన్న పులుసు. ఆ ముందు రోజు ఏం తిన్నదని అడిగితే నేనేం చెప్పేవాణ్ణి? ఏమీ చెప్పలేను. పద్దెనిమిదేళ్ల కాపురంలో ఆమె ఏం తింటుందో నేను చూడలేదు. నేను తిని చేయి కడుక్కుని మంచం మీద వాక్యం చదువుకునేటప్పుడు వంటగదిలో గిన్నెల చప్పుడు వినిపించేది. అదే ఆమె భోజనం.

ఆ రోజు ఆటోలో ఇంటికి వస్తూ ఇంకో సంగతి గుర్తుకొచ్చింది. మా అమ్మ అన్నం తింటుండగా నేను చిన్నప్పుడు ఒక్కసారి కూడా చూడలేదు. మిరపకోతలకు పోతూ క్యారేజీలో పచ్చడి అన్నం పెట్టుకోవడం చూశాను. రాత్రి మాకు పెట్టడం చూశాను. తినడం మాత్రం చూడలేదు.

2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. అదే వయసు మగవాళ్లలో 25 శాతం. నెలసరి, కాన్పులు దానికి పెద్ద కారణాలు, కాదనను. కానీ ఒకే ఇల్లు, ఒకే పొయ్యి, ఒకే గిన్నె. ఆ తేడాలో కొంతైనా వడ్డించే వరుసలో ఉందని నాకు ఆ రోజు అనిపించింది.

తర్వాతి మొదటి ఆదివారం ప్రభువు బల్ల. ఎప్పటిలాగే మొదటి కొరింథీ పత్రిక 11వ అధ్యాయం తీశాను. మనం ఎప్పుడూ 23వ వచనం దగ్గర మొదలుపెట్టి, తన్ను తాను పరీక్షించుకోవాలన్న మాట దాకా చదివి ఆపుతాం. ఇరవై ఏళ్లుగా అంతే చదువుతున్నాను. ఆ రోజు ముందూ వెనకా చదివాను. అసలు పౌలు ఆ సంగతి ఎందుకెత్తాడు? కొరింథులో ఎవరి భోజనం వాళ్లు ముందే తినేస్తున్నారు. ఒకడు ఆకలితో ఉంటే ఇంకొకడు మత్తుగా ఉన్నాడు. లేనివాళ్లు సిగ్గుపడాల్సి వస్తోంది. చివరికి 33వ వచనంలో ఆయన చెప్పిన విరుగుడు ఏమిటంటే, తినడానికి కూడుకున్నప్పుడు ఒకరి కోసం ఒకరు ఆగండి అని. సెమినరీలో ఆ అధ్యాయం మీద నేను పరీక్ష రాశాను. మంచి మార్కులే వచ్చాయి. అక్కడి మెస్సులో ఆడా మగా అందరం ఒకే బల్ల దగ్గర తిని, ఎవరి పళ్లెం వాళ్లం కడుక్కునేవాళ్లం. డిప్లొమా పట్టా తెచ్చుకున్నాను గానీ ఆ అలవాటు తెచ్చుకోలేదు.

ఆ రాత్రి ఇంట్లో చెప్పాను: ఈ రోజు నుంచి అందరం ఒకేసారి తింటాం.

చెప్పినంత తేలిక కాదండీ. హాల్లో చాప వేసి, గిన్నెలన్నీ తెచ్చి మధ్యలో పెట్టాం. అయిదు పళ్లేలు. మా ఇంటావిడ కూర్చుంది, లేచింది. ఉప్పు మర్చిపోయానని లేచింది. నీళ్లని లేచింది. పెరుగుకి గరిటె, అత్తయ్యకు మెత్తటి ముద్ద, పాపకు చిన్న గ్లాసు. నేను లెక్కపెట్టాను, ఏడుసార్లు. ఎనిమిదోసారి లేవబోతే మా పాప వాళ్లమ్మ కొంగు పట్టుకుంది. ఇంటర్ చదువుతున్న మా అబ్బాయి ఫోన్ చూస్తూ ఇదంతా పట్టించుకోలేదు. మా అమ్మయితే పళ్లెం ముట్టలేదు. "ఏందిరా ఇది? పెళ్లాన్ని పక్కన కూర్చోబెట్టుకుని తింటే చూసినోళ్లు నవ్వరా? నేనూ కడాన తిన్నదాన్నే. చచ్చానా?" అంది.

నేనేం మాట్లాడలేదు. అమ్మ మోకాళ్లు నలభై ఏళ్లకే పోయాయి. ఆ మాట ఆమెతో అనే ధైర్యం నాకు లేదు.

మొదటి వారం రోజులు అది భోజనంలా లేదు, కమిటీ మీటింగులా ఉంది. మాట్లాడుకోవడానికి ఏమీ లేదు. కానీ ఒకటి జరిగింది. పళ్లేలన్నీ ఒకచోట ఉంటే ఎవరి పళ్లెంలో ఏముందో దాచలేం. నా పళ్లెంలో కొండంత అన్నం, ఆమె పళ్లెంలో ఇంత ముద్ద. నా కొండ మీద మూడు ముక్కలు, ఆమె ముద్ద మీద ఒక బంగాళదుంప. అది చూస్తూ ముద్ద మింగడం కష్టమైంది. అందుకని వడ్డన నేను తీసుకున్నాను. కూర ముందు అయిదు వాటాలు వేసి, తర్వాత అన్నం. ముక్కలు సమానం. గుడ్లు వండితే మనిషికొకటి. ఇంతకుముందు నాకు రెండు, అబ్బాయికి రెండు, పాపకు ఒకటి అన్నట్టుండేది. మా అబ్బాయి గొణిగాడు. వాణ్ణి అనడానికేముంది, నేర్పింది నేనే.

వడ్డించడం మొదలుపెట్టాక నాకే తెలిసింది, నా తిండి ఎంత అడ్డగోలుగా ఉందో. అన్నం ఎక్కువ, కూర తక్కువ. పగలంతా విశ్వాసుల ఇళ్లలో టీలు, కూల్‌డ్రింకులు, కారప్పూస, వద్దంటే నొచ్చుకుంటారని జిలేబీ. రాత్రి పదింటికి ఇంటికొచ్చి మూడు గరిటెల అన్నం. అందరితో కలిసి ఎనిమిదింటికి తినడం మొదలెట్టాక, పక్కన పాప "నాన్నా, నీకు ఆకుకూర లేదా?" అని అడుగుతుంటే వేసుకోక తప్పలేదు. పిల్లలకు ఆకుకూర తినమని పదేళ్లు చెప్పాం. ఎవరూ తినలేదు. ఇప్పుడు తోటకూర మధ్యలో పెడితే, పాప వాళ్లమ్మ పళ్లెంలోంచి ఒక వేలితో తీసుకుని రుచి చూసింది. అలా అలవాటైంది. కాకరకాయ మాత్రం ఇంకా ఎవరికీ అలవాటు కాలేదు, నాతో సహా.

నర్సమ్మ చెప్పినవి కొన్ని మీకు పనికొస్తాయని రాస్తున్నాను. మునగాకు, తోటకూర, కందిపప్పు, వేరుశనగ బెల్లంతో, ఇవి మనకు అందుబాటులోవే. కానీ ఆకుకూరల్లోని ఇనుము మాంసంలోని ఇనుమంత బాగా ఒంటికి పట్టదట. దాని మీద నిమ్మకాయ పిండుకున్నా, భోజనంతో జామకాయ ముక్క తిన్నా ఇంకా బాగా పడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఉన్నది కూడా సరిగా పట్టదు, కనీసం గంట ఆగాలి. మా ఇంటావిడకు తిండి కంటే టీ ముఖ్యం. మిగిలిన అన్నం తిని, మిగిలిన టీ తాగి పడుకునే మనిషి. ఆ టీ ఆపడానికే నెల పట్టింది. ఇక స్టోరు బియ్యంలో కొన్ని గింజలు వేరుగా కనబడుతున్నాయని, ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారేసేవాళ్లు కదా? మేమూ పారేశాం. అవి బియ్యప్పిండితోనే చేసిన గింజలు. ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 విటమిను కలిపి చేసి, వంద వంతుల బియ్యానికి ఒక వంతు చొప్పున కలిపేవాళ్లు. రక్తం తక్కువైన మనిషి కూర్చుని రక్తం పట్టే గింజల్ని ఏరి కోళ్లకు వేసింది. ఆ పచ్చి బియ్యం నమలడం కూడా అప్పుడే.

కార్జం, నల్ల పెట్టమని కూడా నర్సమ్మ చెప్పింది. అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయం వల్ల మన విశ్వాసుల్లో చాలామంది నల్ల తినరు. తినేవాళ్లు కూడా ఉన్నారు, నాకు తెలియదనుకుంటారు. ఆ సంగతి ఇంకోసారి రాస్తాను. మేం కార్జం దగ్గర ఆగాం.

ఇక మాత్రలు. నిజం చెప్పాలంటే ఆమెకు రక్తం పట్టింది ఇనుము మాత్రలతోనే, చాప మీద కూర్చోవడంతో కాదు. కానీ మొదటి పది రోజులకే ఆమె మాత్రలు మానేసిందని మాకు తెలిసింది కూడా ఆ చాప మీదే. వికారం, మలబద్ధకం, నల్లగా విరోచనం. ఎవరికీ చెప్పకుండా డబ్బా బియ్యం డ్రమ్ము వెనక పెట్టేసింది. "అమ్మ మాత్ర వేసుకోవట్లేదు" అని పాప చెప్పేసింది. డాక్టరమ్మ దగ్గరికి మళ్లీ వెళ్తే, కొన్నాళ్లు అన్నం తిన్నాక వేసుకోమని, నల్లగా వస్తే భయపడొద్దని చెప్పింది. ఆ తర్వాత మాత్ర ఇవ్వడం మా అబ్బాయి డ్యూటీ. రాత్రి భోజనం అవుతూనే ఫోన్ పక్కన పడేసి నిమ్మకాయ నీళ్లు, మాత్ర తెచ్చి వాళ్లమ్మ ముందు పెట్టేవాడు. ఆ ఒక్క పని కోసం వాడు మాతో కూర్చోవడం మొదలెట్టాడు. ఫోన్ వద్దని నేను ఎన్నిసార్లు అరిచానో. అరుపుతో కానిది ఆ మాత్రతో అయింది.

నేను బయట భోంచేసే రోజుల సంగతి వేరు. గృహ ప్రార్థన అయ్యాక ఆ ఇంట్లో నాకు మొదటి పళ్లెం, మంచి ముక్క. తినకపోతే నొచ్చుకుంటారు. ఒక రాత్రి ఒక పెద్దాయన ఇంట్లో, "అమ్మను కూడా కూర్చోమనండి, కలిసి తిందాం" అన్నాను. ఇల్లంతా నిశ్శబ్దం. ఆయన ఇబ్బందిగా నవ్వాడు. ఆమె చాలాసేపటికి ఒక మూల పీట వేసుకుని, మాకు వీపు పెట్టి, గోడ వైపు తిరిగి తిన్నది. అరవై ఏళ్లు దాటిన మనిషి. తన ఇంట్లో తన చేతి వంట తినడానికి అంత బిడియపడాల్సి వచ్చింది. బోయజు కోత దగ్గర రూతును పిలిచి పక్కన కూర్చోబెట్టి పేలాలు అందిస్తే ఆమె తృప్తిగా తిని, ఇంకొంచెం మిగిల్చి అత్తకు తీసుకెళ్లిందని గ్రంథంలో ఉంది. పరాయి దేశం నుంచి వచ్చిన విధవరాలు, పరిగె ఏరుకునే మనిషి. ఆమెకు దొరికిన చోటు మన ఇళ్లలో ఇల్లాలికి లేదు. ఆ ఇంట్లో నేను తొందరపడ్డానేమో అని ఇప్పటికీ అనిపిస్తుంది. ఆమెను నలుగురిలో సిగ్గుపరిచానా అని. తర్వాత ఆ ఇంటికి వెళ్లినప్పుడు ఆ మాట ఎత్తలేదు.

కోతపండుగ ప్రేమవిందు మీకు గుర్తుండే ఉంటుంది. ఎప్పుడూ మొదటి బంతి మగవాళ్లు, రెండో బంతి పిల్లలు, ఆఖరున ఆడవాళ్లు. అప్పటికి సాంబారులో నీళ్లు, కూరలో ఆలుగడ్డలు. ఆ ఏడు కుటుంబాలుగా కూర్చోమని చెప్పాను, భర్త, భార్య, పిల్లలు ఒకే వరుసలో. వండిన సహోదరీలకు ముందే వాటా తీసి పక్కన పెట్టించాను. కొంతమంది సహోదరులు అలిగి ఇంటికెళ్లి తిన్నారు. "అయ్యగారు సంఘంలో కొత్త ఆచారాలు పెడుతున్నారు" అని ఒక పెద్ద అన్నారు. ఇది కొత్తది కాదు, కొరింథు సంఘం నాటిదని చెప్పాను. ఆయనకు నచ్చలేదు. ఈ ఏడు ఆయన వచ్చారు, భార్య పక్కన కాకుండా ఎదురు వరుసలో కూర్చున్నారు. సంతోషమే.

మూడు నెలలకు హిమోగ్లోబిన్ 9.6. ఆరు నెలలకు 11.1. ఇంకా 12 కాలేదు. కానీ బిందె ఎత్తి మాట్లాడుతూ నడుస్తోంది. పచ్చి బియ్యం మీదికి మనసు పోవట్లేదంది. మా అమ్మ ఇప్పటికీ చాప మీద కూర్చోదు, మోకాళ్లని చెప్పి స్టూలు వేసుకుంటుంది. అయితే పోయిన క్రిస్మస్‌కు తన పళ్లెంలోని కార్జం ముక్క తీసి కోడలి పళ్లెంలో వేసింది. ఏమీ అనలేదు. మేమూ ఏమీ అనలేదు.

అంతా బాగుందని రాసి ముగించవచ్చు. కానీ మొన్న ఒకటి జరిగింది.

పక్క ఊళ్లో ఒక విశ్వాసి ప్రభువు నందు నిద్రించారు. భూస్థాపన, ఆదరణ ప్రార్థన అన్నీ అయి నేను ఇల్లు చేరేసరికి రాత్రి పదిన్నర. పిల్లలు తిని పడుకున్నారు. అమ్మ పడుకుంది. మా ఇంటావిడ చాప పరిచి, గిన్నెల మీద మూతలు పెట్టి, రెండు ఖాళీ పళ్లేల ముందు గోడకానుకుని కునికిపాట్లు పడుతోంది.

"తినలేదా?" అన్నాను.

"మీరే కదా చెప్పారు, ఒకరి కోసం ఒకరు ఆగాలని."

నాకు కోపం వచ్చింది. ఆమె మీద కాదు. మధ్యాహ్నం ఒంటిగంటకు తిన్న మనిషి, పదిన్నర దాకా ఖాళీ కడుపుతో, నా ప్రసంగం పట్టుకుని కూర్చుంది. పాత అలవాటే కొత్త వాక్యం కట్టుకుని మళ్లీ వచ్చింది. ఆ రాత్రే మాట్లాడుకున్నాం. కొరింథులో ఆగమన్నది ముందు తినేసేవాళ్లకు గానీ ఆకలితో ఉన్నవాళ్లకు కాదు అన్నాను. "అయితే ఆ ముక్క కూడా ఆదివారం చెప్పాల్సింది" అంది. నిజమే. చెప్పలేదు. ఎనిమిదింటికి ఇంట్లో ఎవరుంటే వాళ్లు తినాలి, నేను లేకపోతే నా పళ్లెం తీసి పెట్టాలి, అందరూ తిన్నాకే తీసి పెట్టాలి. అలా అనుకున్నాం.

నిన్న మళ్లీ ఆలస్యమైంది, తొమ్మిదిన్నర. ఇంట్లో దీపం ఆర్పేసి అందరూ పడుకున్నారు. చాప మడిచి ఉంది. వంటగది గట్టు మీద పళ్లెం, దాని మీద మూత. తీసి చూశాను. అన్నం, తోటకూర, మెడముక్క ఒకటి, గిన్నె అడుగు పులుసు. అబ్బాయి గుడ్డినిద్రలోనే "నాన్నా, నిమ్మకాయ ఫ్రిజ్‌లో ఉంది" అన్నాడు. గట్టు దగ్గరే నిలబడి తిన్నాను. పళ్లెం కడిగి బోర్లించాను.